కోటగిరి పెళ్లిలో అందరి మెడకూ పసుపుతాడు

దసరా వెళ్లిన వారం: కోటగిరి పెళ్లి రీళ్లు నిజామాబాదు రంగుల ల్యాబునకు పంపితిని. తిరిగి వచ్చిన ప్రతి నెగెటివు మీదా ఈ చివర నుండి ఆ చివరకు ఒక గీత. సంజాయిషీ కోరితిని. ఇవ్వలేదు.

దీపావళికి ముందు: వర్ని షష్టిపూర్తి రీలు. అదే గీత, అదే చోట. మళ్లీ కోరితిని. "కెమెరా చూసుకో" అని నోటిమాటగా చెప్పి పంపిరి.

దీపావళి మరునాడు: నా కళ్లెదుటనే ల్యాబు యజమాని తన ముక్కు మీద వేలు రుద్ది, ఆ వేలితోనే నా నెగెటివును తుడిచెను.

కార్తీక పున్నమి దాటిన పిమ్మట: మా అవ్వ ఫోటో. ఈ అంశము ఇంకను తేలలేదు.

పైది నేను వయసులో ఉన్నప్పుడు రాసుకున్న ఫిర్యాదు. (నకలు ఉంచుకోకుండా నేను ఏ కాగితమూ ఎవరికీ ఇవ్వను. ఈ అలవాటును ఇంట్లో అందరూ వెక్కిరిస్తారు, అవసరం పడినప్పుడు మాత్రం అందరూ నా బీరువా దగ్గరికే వస్తారు.) ఆ రోజుల్లో ఫోటో తీసినవాడికి కూడా తాను ఏం తీశాడో తెలిసేది కాదు. మీట నొక్కిన క్షణానికీ బొమ్మ చూసే క్షణానికీ మధ్య బాన్సువాడ బస్టాండు, నిజామాబాదు బస్సు, చీకటి గది, వాసన కొట్టే మందునీళ్లు, మళ్లీ తిరుగు బస్సు, వీటన్నిటినీ మించి ఒక పెద్ద భయం ఉండేవి. పెళ్లివారు "ఫోటోలు కడిగించినవా?" అని అడిగిన ప్రతిసారీ బస్సు మీద నెపం పెట్టి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు ఫోను ఎత్తి నొక్కి, నచ్చకపోతే చెరిపేస్తున్నారు. చెరపడానికి వీల్లేని తప్పు ఎంత బరువుగా ఉంటుందో వీళ్లకు తెలియదని నేను బాధపడుతూ ఉండగానే, హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం చేసే మా మనవరాలు ఎక్కడో పాత ఫిల్ము కెమెరా ఒకటి కొనుక్కొని, కడిగించిన నెగెటివులు పట్టుకొని నా ముందుకు వచ్చి కూర్చుంది.

"తాతా, చూడు, మొత్తం స్పాట్సే. ల్యాబోళ్లు ఖరాబు చేసిన్రు. నేను వాళ్లకు మంచిగ ఘాటుగ రివ్యూ పెడ్త."

"ముందు నాకొకటి జెప్పు," అన్నాను. "మచ్చ నెగెటివ్ మీద ఉన్నదా, కాగితం బొమ్మ మీద ఉన్నదా? అది చూడకుంట ఎవరినీ తిట్టొద్దు."

ఈ వాక్యం నేర్చుకోవడానికి నేను కోటగిరి గ్రామాన్నంతా నా మీదికి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ వైనం ఆమెకు చెప్పాను. ఇక్కడ పద్ధతిగా మళ్లీ రాస్తున్నాను.

మా నాయినకు బాన్సువాడలో ఎరువుల దుకాణం. ఆయన దృష్టిలో లోకంలో గౌరవనీయమైన వస్తువులు రెండే: యూరియా, తూకంరాయి. నేను బస్టాండు వెనుక ఒక గది కిరాయికి తీసుకొని ఫోటో స్టూడియో పెట్టడం ఆయనకు తల తీసేసినట్టయింది. దసరా ముందు ఒక పొద్దున అన్నం తింటూ తీర్పు చెప్పారు: "గా డబ్బా పట్టుకొని ఎన్నాళ్లు తిరుగుతవ్ రా? కార్తీక పున్నం దాక చూస్త. అప్పటికి నలుగురు నిన్ను మంచోడని అనకపోతే, ఇగ మూసుకొని గల్లా మీద కూసో." నేను తల వంచుకొని విన్నాను. మా అవ్వ, అంటే నాయిన తల్లి, తన అర్ర గడపలో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. ఎరువుల వాసన మధ్య గల్లాపెట్టె ముందు నా జన్మంతా గడిచిపోవడం అప్పుడే నా కళ్లకు కట్టింది. ఆ దసరాకు అమ్మ నా కెమెరాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, "ఇగ నీ ఆయుధం ఇదే గద బిడ్డా" అన్నది. సాళ్లు దున్నేవాడు నాగలికి పెట్టినట్టే నాకూ పెట్టారన్న సంతోషంతో నేను కోటగిరి పెళ్లికి బయలుదేరాను.

పెళ్లి దివ్యంగా జరిగింది. ఫోటోలు కూడా దివ్యంగానే తీశానని నా నమ్మకం. ల్యాబు నుంచి కవరు వచ్చింది. విప్పి చూస్తే ప్రతి బొమ్మకూ నడిమధ్యన, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, నిక్కచ్చిగా స్కేలు పెట్టి గీసినట్టు పసుపుపచ్చని గీత. నేను జనాన్ని వరుసగా నిలబెట్టి, తలలు ఒక్క ఎత్తున ఉండేట్టు సర్ది, కొలిచినట్టు తీసే మనిషిని. నా ఈ సుగుణమే నన్ను ముంచింది. గీత సరిగ్గా అందరి మెడల మీదుగా పోయింది.

పెళ్లికూతురి మేనమామ ఆల్బం చంకన పెట్టుకొని మోటారుసైకిలు మీద వచ్చాడు. బస్టాండులో బస్సుల కోసం నిలబడ్డవాళ్లంతా వినేటట్టు మొదలుపెట్టాడు.

"ఏమయ్యా ఫోటోల సారూ, మేము ఒక్క పిల్లకు పెండ్లి జేసినం. నువ్వు ఎంతమందికి జేసినవ్? గిటు చూడు, పెండ్లిపిల్ల మెడల పసుపుతాడు, బరాబర్. పెండ్లిపిలగాని మెడల పసుపుతాడు. వాళ్ల నాయిన మెడల, బ్యాండు కొట్టేటోళ్ల మెడల, ఆఖరికి పంతులు మెడల గూడ!"

"అది పసుపుతాడు గాదన్నా, ల్యాబుల పడ్డ గీత..."

"నాకు గూడ ఉన్నది గద! నా మెడల ఎవడు కట్టిండో జెప్పు, చీరె సారె పట్టుకొని కాపురానికి పోత!"

బస్సు ఎక్కబోతున్నవాళ్లు దిగి మరీ ఆల్బం చూశారు. ఆయన పోతూ పోతూ, "ఇది బాగుజేసి ఇయ్యి. లేకుంటే కోటగిరిల నీ మొకం ఎవలు చూడరు" అన్నాడు. ఆ మాట నాకన్నా ముందే మా నాయిన దుకాణానికి చేరింది. పది రోజులు తిరక్కుండానే వర్ని నుంచి షష్టిపూర్తి పెద్దమనిషి కొడుకు కూడా వచ్చాడు. కాలువల కింద పొలాలు కొనుక్కొని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, మాటలో మర్యాద తప్పదు. "ఏవండీ, షష్టిపూర్తికి మా నాన్నగారు మా అమ్మగారికి ఒక్కరికే కదండీ మళ్లీ తాళి కట్టింది? మీరు మా బావలకీ, వంటవాళ్లకీ కూడా కట్టించేశారేంటండీ?" అని ఎంతో వినయంగా అడిగాడు. కోటగిరి తిట్ల కన్నా ఆ వినయమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

నేను ఫిర్యాదు రాసుకొని, నకలు తీసుకొని, నిజామాబాదు బస్సెక్కాను. ల్యాబు యజమానిని మేమంతా అద్దం సాబ్ అనేవాళ్లం, ఎందుకంటే ఆయన కంటికి భూతద్దం ఎప్పుడూ అతికించినట్టే ఉండేది (భోజనం చేస్తున్నప్పుడు కూడా తీయడని ఒక ప్రచారం). ఆయన నా కాగితం చదవలేదు. నెగెటివు లాక్కొని దీపం మీద పెట్టి చూశాడు.

"అరె భాయ్, మా మిషన్‌ల గీత పడితే అందరి రీళ్ల మీద పడాలె. బోధన్ రీళ్లు చూడు. ఆర్మూర్ రీళ్లు చూడు. సాఫ్! నీకొక్కనికే ఎందుకు పడ్తది? నా మిషన్‌కు నీ మీద దుష్మనీ ఉన్నదా?"

"నా కెమెరా దసరాకు ముందే తుడిపించిన. అంతకుముందు తీసినవాటికి గీత లేదు. మీ మిషనే పాడైంది. రాతపూర్వకంగా ఒప్పుకోండి," అన్నాను.

"ఆగు, ఆగు." అప్పుడే ఆ ఘోరం జరిగింది. ఆయన తన ముక్కు పక్కన వేలు గట్టిగా రుద్ది, ఆ జిడ్డును గీత వెనుకవైపున పూశాడు. నేను కేక వేశాను. ఆయన శాంతంగా, "ఇది నుస్ఖా, పాత చిట్కా. గీత వెనక దిక్కు ఉంటే గీ జిడ్డు దాంట్ల నిండి మాయమైతది," అని మళ్లీ వెలుతురుకు పెట్టాడు. గీత పోలేదు. "చూసినవా? ముంగట దిక్కు, రంగు దిక్కు గీరుకున్నది. పైపొర లేచిపోయింది. గందుకే ఫోటోల పసుపు పడ్తుంది. నీ కెమెరాల ఇసుక ఉన్నది, పో." ఆయన కెమెరా అన్నాడు, నేను మిషన్ అన్నాను, కౌంటరు ముందు నిలబడ్డ జనం ఎవరికి తోచిన పక్షం వారు తీసుకున్నారు. ఫిర్యాదులో ముక్కు అంశాన్ని అదనంగా చేర్చి నేను ఇల్లు చేరాను.

ఎంత కోపం వచ్చినా నేను పద్ధతి తప్పే మనిషిని కాను. ఎవరిది తప్పో రుజువు కావాలంటే ఒక్కొక్కదాన్ని మార్చి చూడాలి. ఇంట్లో నిలవ ఉన్న రీళ్లలో ఒకటి నా కెమెరాలో వేశాను. అదే నిలవలోంచి ఇంకొకటి, బోధన్‌లో ఉన్న స్నేహితుని కెమెరా అడుక్కొచ్చి దాంట్లో వేశాను. నిజామాబాదు దుకాణంలో అప్పుడే కొన్న కొత్త రీలు తీసుకొని మళ్లీ నా కెమెరాలో వేశాను. కాలువ, చెరుకు బండ్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటిని తొక్కుతూ పోయే గేదెలు, ఏది కనిపిస్తే అది తీశాను. గల్లా మీద కూర్చున్న మా నాయినను కూడా తీశాను. మూడూ ఒకేసారి అదే ల్యాబులో కడిగించాను. ఇంటి నిలవలోని రెండు రీళ్లకూ గీత పడింది. కొత్త రీలు కడిగిన ముత్యంలా వచ్చింది. అంటే నా కెమెరాదీ తప్పు కాదు, అద్దం సాబ్ మిషన్‌దీ తప్పు కాదు. తప్పు మా ఇంట్లోనే ఉంది. (మా నాయిన ఫోటో నిలవ రీలులోనే పడింది. చూసి, "ఇగ నన్ను గూడ వదల్లేవా?" అని మాత్రమే అన్నారు. పున్నానికి ఇంక ఎన్నో రోజులు లేవు.)

రీలు డబ్బీకి ఒక సన్నని నోరు ఉంటుంది. లోపలికి వెలుతురు చొరబడకుండా ఆ నోటికి నల్లని మఖమలు అంచు కుట్టినట్టు ఉంటుంది. ఫిల్మంతా ఆ నోట్లోంచే బయటికి వచ్చి, అయిపోయాక మళ్లీ ఆ నోట్లోకే పోతుంది. నిలవ రీళ్లలో మిగిలినదాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. మఖమలు పెదవుల నడిమధ్యన ఎర్రని పొడి అంటుకొని ఉంది. ఇటుక పొడి అనుకున్నాను. వేలికి తీసుకొని చూస్తే కుంకుమ. జాతరలో పొట్లాలు కట్టి అమ్మే కుంకుమ, సగం పసుపు, సగం ఇసుక. బొట్టు ఎవరైనా నడిమధ్యనే కదా పెడతారు! అందుకే గీతా నడిమధ్యనే పడింది.

అమ్మను నిలదీశాను.

"నేను కెమెరాకు పెట్టిన, స్టాండుకు పెట్టిన, నీ సైకిల్‌కు పెట్టిన," అన్నది అమ్మ. "రీళ్లు నేనెందుకు ముడ్త? అవి మీ అవ్వ అర్రల గద ఉన్నయి."

నిజమే. ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే. ఎండకు రీళ్లు చెడిపోతాయని అవ్వ నీళ్లకుండ పక్కన స్టీలు డబ్బాలో పెట్టేవాణ్ణి. కానీ అవ్వ మీద నాకు అనుమానమే రాలేదు. రావడానికి వీల్లేదు కూడా. మా తాత నేను పుట్టకముందే పోయాడు. అప్పటి నుంచి ఆమె కుంకుమ భరిణె ముట్టగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. పూజలప్పుడు పిలవకముందే పక్కకు జరిగి కూర్చునేది. నేను అభియోగపత్రం మనసులో సిద్ధం చేసుకొని అర్రలోకి పోయేసరికి, ఆమె ఎప్పటిలాగే చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. (ఆ కళ్లకు గింజంత రాయి కూడా దొరక్కుండా పోయేది కాదు. కుంకుమలో ఇసుక మాత్రం ఎలా తప్పించుకుందో!)

"అవ్వా, రీళ్లకు బొట్టు పెట్టినవా?"

ఆమె చేతి కదలిక ఆగింది. "ఎవలు జెప్పిన్రు?"

"రీళ్లే జెప్పినయి. నోట్ల పెట్టినవేందవ్వా?"

"నువ్వే గద జెప్పినవ్, ఫోటోలన్నీ దాని నోట్లకెళ్లే వస్తయని. మరి నోటికి పెట్టకుంట ఏడ పెట్టాలె?"

ఆ మాట నేను చెప్పినదే. కాదనడానికి లేదు. "అమ్మ కెమెరాకు పెట్టింది గద. మళ్ల నువ్వెందుకు?"

"మీ నాయిన నిన్ను గా సంచుల నడుమ కూసోవెడ్తనంటుండు. నా మనసు ఊకుంటదా రా?" గొంతు తగ్గించింది. "మీ అమ్మ పెట్టేటప్పుడు నేను దగ్గరికొస్తే ఎవలన్న ఒక మాటంటరు. మంచి పని ముంగట అది ఎందుకు? గందుకే తలుపేసుకొని, లోపల, ఎవలకు కనవడని కాడ పెట్టిన."

సిద్ధం చేసుకున్న అభియోగాలన్నీ పక్కన పెట్టాను. ఒక్క మాటే అన్నాను: "కనవడొద్దని పెట్టినవా అవ్వా? కోటగిరి మొత్తానికి కనవడ్డది."

ఆల్బం తెచ్చి చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒక్కొక్క బొమ్మా చూసింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. "పంతులుకు గూడ కట్టిందా రా నా బొట్టు!" అని నవ్వింది. చాటలోని బియ్యం నేల మీద పడేటట్టు నవ్వింది.

మళ్లీ నిజామాబాదు. జరిగింది జరిగినట్టు అద్దం సాబ్‌కు చెప్పాను. అవ్వ తలుపేసుకున్న సంగతీ, ఎందుకు వేసుకున్నదో ఆ సంగతీ కూడా చెప్పాను. ఆయన నవ్వుతాడని సిద్ధపడి ఉన్నాను, కానీ భూతద్దం కంటి నుంచి తీసి అంగీ అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. (భూతద్దం లేని ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి.) "మా అమ్మీ నా మిషన్‌కు నజర్ తీసి, మిరపకాయలు దాని మీదనే పెట్టి పోతది భాయ్. నేను ఎవనికి జెప్పాలె?" అన్నాడు. తర్వాత అన్నీ కొత్తగా ప్రింట్లు వేసి, వెంట్రుకంత సన్నని బ్రష్షు తీసి, రంగు చుక్కలు పళ్లెంలో కలిపి, ఊపిరి బిగబట్టి, పెళ్లి ఫోటోల మీది గీతను ఒక్కొక్క మెడ నుంచీ మాయం చేశాడు. పెళ్లికూతురి తాడు మాత్రం అసలుది గనుక వదిలిపెట్టాడు. నా కెమెరాను అన్యాయంగా నిందించినందుకు రెండు వాక్యాలు రాసి ఇమ్మని నేను కోరితే, "రాసుడు నాతోని కాదు. బ్రష్ ఆడించుడు ఒక్కటే వస్తది," అని కాగితం నా వైపే తోసేశాడు.

మేనమామ ఆల్బం అంతా తిప్పి చూసి, చివర కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు. "నా మెడల ఉన్నది గూడ తీసినవా? గా పాతది నాకియ్యి. మా ఇంటామె దాన్ని యాది జేసుకొని ఇప్పటికీ నవ్వుతుంది, కోపానికి వచ్చినప్పుడు చూపిస్త." ఆ ఫోటో వాళ్లింట్లో ఫ్రేము కట్టించుకున్నారు. అది చూడటానికి వచ్చినవాళ్లు తమ పెళ్లిళ్లకు నన్నే పిలిచారు. పున్నమి నాడు మా నాయిన అన్నం తింటూ మరో తీర్పు చెప్పారు: "దుకాణం ఏడికి పోతది, నేనున్న గద. నువ్వు పోయి నీ రీళ్లు చూసుకో. ఫికర్ జెయ్యకు." ఆయన ఫోటో, మెడలో గీతతో సహా, గల్లాపెట్టె వెనుక గోడకు ఎప్పుడు వేలాడిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు.

ఇక నాలుగో అంశం. ఆ తర్వాత ఒక ఉదయం రీలులో చివరి బొమ్మ ఒకటి మిగిలింది. అవ్వను వాకిట్లో కూర్చోబెట్టాను. "బోసి నొసలు ఏం దింపుతవ్ రా," అని ఆమె ముఖం తిప్పుకుంటూనే ఉంది. నేను మాటల్లో పెట్టి నొక్కేశాను. కవరు మీద "మా అవ్వ" అని రాసి ల్యాబుకు పంపాను. వచ్చిన ఫోటోలో గీత లేదు, గోడ రంగు సరిగ్గా వచ్చింది, ఎండ సరిగ్గా వచ్చింది. అవ్వ నొసటి నడిమధ్యన మాత్రం గుండ్రని ముదురు ఎర్ర మచ్చ ఒకటి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫిల్మును మందులో ముంచినప్పుడు గాలిబుడగ అంటుకుంటే అక్కడికి మందు అందదు, ఫోటోలో ఇలాగే గుండ్రని ముదురు మచ్చ పడుతుంది. కేవలం అజాగ్రత్త!

అవ్వ ఫోటో చేతిలోకి తీసుకొని గడప దగ్గరి వెలుతురులోకి పోయింది.

"ఎవలు పెట్టిన్రు రా?"

"ఎవలు పెట్టలేదవ్వా. కడిగేటప్పుడు గాలిబుడగ అంటుకున్నది. వాళ్ల తప్పే. వాపసు పంపి మంచిది తెప్పిస్త, ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. చాలాసేపు చూసింది. "గాలి పెట్టిందా," అన్నది. "గాలికి ఎవలు అడ్డం జెప్తరు రా." ఫోటోను చీరె మడతల్లో పెట్టి సందుగలో దాచుకుంది. ఆమె పోయేదాకా అది అక్కడే ఉంది.

ఇదంతా విన్న మా మనవరాలు తన నెగెటివులు పక్కన పెట్టేసి అడిగింది: "తాతా, ఆ మచ్చ నెగెటివ్ మీద ఉండెనా, ప్రింట్ మీద ఉండెనా? ఫస్ట్ అదే చూడాలని నాకు జెప్పినవ్ గద."

గాలిబుడగ అయితే నెగెటివు మీదే ఉంటుంది. అద్దం సాబ్ బ్రష్షు అయితే కాగితం మీద మాత్రమే ఉంటుంది. వెలుతురుకు పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోయే సంగతి. ఆ నెగెటివు ఇప్పటికీ నా బీరువాలో దాని కవరులోనే ఉంది. ప్రతి గీతకూ ప్రతి మచ్చకూ కారణం చెప్పమని ఊళ్లు తిరిగి జగడమాడిన ఆ కోపిష్టి కుర్రవాడు దాన్ని ఒక్కసారీ తీసి చూడలేదు. ఈ ముసలివాడూ చూడలేదు.

కావున, ప్రస్తుతం ఎవరో సెల్‌ఫోను కవర్లు అమ్ముచున్న చోట ఒకప్పుడు ల్యాబు నడిపిన అద్దం సాబ్ గారికి తెలియజేయడమేమనగా: పై నాలుగో అంశములో పేర్కొనిన మచ్చ గాలిబుడగ వలన ఏర్పడినదా, లేక తమ బ్రష్షు వలననా అను విషయమై తాము లిఖితపూర్వకముగా సమాధానం ఈయవలెను. నోటిమాట చెల్లదు. రాయడం రాదనే సాకు అంగీకరించబడదు; గీసి పంపినను స్వీకరించబడును. ఆలస్యమునకు అభ్యంతరము లేదు. సమాధానం అందే వరకు సదరు నెగెటివు కవరు తెరవబడదు.